చెట్టు నడుము కొలత

ఆమె జీవితంలో కష్టపడి గెలిచిన మొదటి గెలుపు ఒక కోటు. నల్ల ఉన్ని కోటు, కోర్టు గుమాస్తాగారిది. ఆయనకి ఎడమ భుజం కుడి భుజం కన్నా రెండు వేళ్ళు కిందికి జారి ఉండేది. ఎందరు దర్జీలు కుట్టినా ఏ కోటూ ఆ లోపాన్ని దాచలేదు సరికదా, వేలెత్తి చూపించేది. ఆమె భర్త ఆ కోటు గుడ్డ కత్తిరించి బల్ల మీద పెట్టాక జబ్బుపడి మంచమెక్కాడు, మరి దిగలేదు. గుడ్డ ముక్కలు బల్ల మీదే ఉండిపోయాయి. ఇంట్లో మిగిలింది ఇద్దరు ఆడవాళ్ళు. ఒకరు ఆమె, రెండోవారు ఆమె ఆడపడుచు.

ఎదురుకొట్టు పెద్ద మాస్టరు పరామర్శకి వచ్చాడు. ఆ వీధిలో కోట్లు కుట్టడంలో ఆయనదే పైచెయ్యి. నాలుగు మంచి మాటలు చెప్పి, పోతూ పోతూ ఆ గుడ్డ ముక్కలు చుట్టబెట్టుకోబోయాడు.

“ఇవి నాకిచ్చెయ్యమ్మా, నేను పూర్తిచేసి గుమాస్తాగారికి అందజేస్తాను. గౌన్లు, జాకెట్లు మీరు కుట్టుకోండి, ఎవరొద్దన్నారు? కోటు భుజం మాత్రం ఆడవాళ్ళ చేతికి లొంగదు.”

“లొంగకపోతే బతిమాలుకుంటాం లెండి మాస్టారూ,” అంది లోపలినుంచి ఆడపడుచు. “ముక్కలు మాత్రం అక్కడే పెట్టి వెళ్ళండి.”

అప్పటికి ఆ పిల్లకి ఇరవై కూడా నిండలేదు. నోరు మాత్రం నిండుగా ఉండేది.

కోటు భుజంలో ఏముంటుందో ఆమెకి తెలియదు. తెలుసుకోవడానికి ఇంట్లో ఉన్నది ఒక్క కోటే, భర్త తన పెళ్ళికి తనే కుట్టుకున్నది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కుట్టు వెంట కుట్టు విప్పింది. ఆయన సూది ఎటు దిగి ఎటు తేలిందో వేలితో తడిమి చూసుకుంది. విప్పిన ప్రతి ముక్కా ఆడపడుచు చేతికిచ్చింది. ఆ పిల్ల ఏది ఎక్కడిదో గుర్తుపెట్టుకుంది. గుమాస్తాగారి కోటు కాలరు మూడుసార్లు కుట్టి మూడుసార్లూ విప్పారు. ఎడమ భుజంలో దూది పొర మీద పొర పరిచి, అంచుల్లో పలచబరిచి, పైన గుడ్డకి తెలియకుండా పట్టించారు.

గుమాస్తాగారు కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. కుడివైపు తిరిగాడు, ఎడమవైపు తిరిగాడు. తరవాత చేతులు రెండూ వేలాడేసి అలాగే ఉండిపోయాడు.

“ఎక్కడైనా పట్టేసిందాండీ?” అనడిగిందామె బెదురుగా.

“లేదమ్మా. మా నాన్న ఉంటే చూసేవాడని...” అన్నాడాయన.

ఆ రోజు మొదలు ఆ కొట్టు మూతపడింది లేదు. ఆస్పత్రి నర్సుల తెల్ల గౌన్లన్నీ ఆ చేతుల మీదుగా వెళ్ళినవే. మూడు బళ్ళ పిల్లలు ఆమె కుట్టిన యూనిఫారాలేసుకుని పెరిగి, తమ పిల్లల్ని కూడా అక్కడికే తీసుకొచ్చారు. నాటకశాల తెర కుట్టమంటే ఊళ్ళో దర్జీలందరూ వెనక్కి తగ్గారు. ఆమె ఒప్పుకుంది. గదిలో పట్టక ఆ గుడ్డని ఆదివారంనాడు వీధి పొడుగునా పరిచి, ఆ చివర వదిన, ఈ చివర మరదలు కూర్చుని కుట్టుకుంటూ మధ్యలో కలుసుకున్నారు. బళ్ళవాళ్ళు పక్క వీధినుంచి తిరిగిపోయారే తప్ప ఒక్కడూ హారన్ కొట్టలేదు. అంతటి పెద్ద మాస్టరూ చూపు మందగించాక తన కోటు అక్కడే కుట్టించుకున్నాడు. వేసుకుని చూసుకుని, “భుజం పరవాలేదు,” అన్నాడు. ఆయన నోట పరవాలేదంటే బిరుదు ఇచ్చినట్టే.

మెళ్ళో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతూ ఉండేది కాబట్టి ఊరందరికీ ఆమె టేపక్క. కన్నతల్లి పెట్టిన పేరేమిటో ఆమెకైనా గుర్తుందో లేదో. మరదలికి మాత్రం వదిన. ఆ పిలుపు రోజంతా ఆ గదిలో మిషను చప్పుడుతో పాటు మోగుతూనే ఉండేది.

ఆ గది సన్నగా పొడుగ్గా ఉంటుంది. ముందు కత్తిరింపు బల్ల, దాని అంచుకి సుద్ద మరకలు. పక్కన కొలతలు తీసే చోట ఒక తెర. లోపల కిటికీ కింద మరదలి మిషను. కిటికీ పక్క గోడకి ఒక పాత క్యాలెండరు. ఏళ్ళు మారినా దాన్ని తియ్యలేదు, బొమ్మ కోసం ఉంచేశారు. ఆ బొమ్మలో ఒక మహావృక్షం ఉంది. వేల ఏళ్ళ వయసు దానిది. ఎక్కడెక్కడి జనమో రైళ్ళెక్కి, బస్సులు మారి దాన్ని చూడ్డానికి వెళతారు. బొమ్మలో దాని మొదట్లో నిలబడ్డ మనుషులు గుండీలంత ఉంటారు.

ఆ కొట్టులో పని నడిచే తీరు ఇంకెక్కడా ఉండేది కాదు. తెర వెనక వదిన కొలిచి గట్టిగా చెప్పేది. మిషను తొక్కుతూనే మరదలు “ఊఁ” అనేది. అంతే, ఆ కొలత ఇక చెరిగేది కాదు. కాగితం లేదు, కలం లేదు. మరదలికి రాయడం రాదు. వదినకి వచ్చు, పల్లెటూరి బళ్ళో నేర్చుకుంది. అయినా ఒక్క కొలత కూడా ఏనాడూ రాసుకోలేదు. రాస్తే ఆ పిల్ల జ్ఞాపకాన్ని నమ్మనట్టవుతుందని. ఏళ్ళ తరవాత ఎవరైనా గుమ్మంలోకి వస్తే మిషను దగ్గర్నుంచే మరదలు వాళ్ళ ఛాతీ, నడుము, చెయ్యి పొడుగు చదివేసేది.

ఇంకో మర్మం కూడా ఉంది. తెర ఇవతల నలుగురూ కూర్చుని ఉంటారు కదా, లావుపాటి వాళ్ళు నడుము కొలత వినబడితే చిన్నబుచ్చుకుంటారని వదిన పది దాచి చెప్పేది. నలభై నాలుగైతే ముప్పై నాలుగనేది. మరదలు మనసులో పది కలుపుకునేది. అందరికీ అదే లెక్క, లావువాళ్ళకీ సన్నవాళ్ళకీ. లేకపోతే గుట్టు బయటపడుతుంది.

రొట్టెల దుకాణం ఆవిడ కొలతలిచ్చి తెర తీసుకుని బయటికి వచ్చినప్పుడల్లా మొహం వెలిగిపోయేది. “విన్నారా, ముప్పై నాలుగే! రాత్రిపూట తినడం మానేశానుగా,” అనేది. ఆవిడ మెట్లు దిగగానే మరదలు మెల్లిగా అడిగేది.

“ఆ పది ఎక్కడ పెట్టమంటావు వదినా? డబ్బాలో వెయ్యనా?”

“నీ నడుముకి చుట్టుకోవే. పుల్లలా ఉన్నావు.”

“పుల్లనేం కాదు, నాజూకు.”

“నాజూకంటే మెచ్చుకోలు. నిన్ను చూస్తే గాలి కూడా జాలిపడుతుంది.”

తరవాత ఇద్దరూ గోడమీది బొమ్మ వైపు చూసేవారు. “ఊళ్ళో మనం కొలవని నడుము లేదు వదినా,” అనేది మరదలు. “ఇంక మిగిలింది ఆ మహాతల్లి ఒక్కతే.”

“దానికీ పది దాచాలా?”

“దానికి పది సరిపోతుందా? గజాలు దాచాలి!”

వచ్చే ఏడు వెళదాం అనుకునేవారు. వచ్చే ఏడు యూనిఫారాలు వచ్చిపడేవి. ఆ పై ఏడు నర్సుల గౌన్లు. చెట్టెక్కడికి పోతుంది, వేల ఏళ్ళ నుంచి ఉన్నదే కదా అనుకునేవారు. పోయేది చెట్టు కాదని ఇద్దరిలో ఒకరికే తెలిసింది, అదీ ఆలస్యంగా.

ఒక మధ్యాహ్నం మరదలు మిషను మీదికి వాలిపోయింది. పక్క గదిలో ఇస్త్రీ చేసే అతను పెట్టె పక్కన పెట్టి పరుగెత్తుకొచ్చాడు. ఆస్పత్రిలో చేర్చారు. డాక్టరమ్మ పరీక్షలు చేసి, కాగితాలు చూసి, వదినని బయటికి పిలిచింది.

“ఎప్పట్నుంచి చిక్కిపోతున్నారావిడ?”

“చిక్కలేదండీ,” అంది వదిన. “జాకెట్లన్నీ ఒంటికి సరిగ్గానే ఉన్నాయి.”

డాక్టరమ్మ కాగితాలు మడిచి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట అబద్ధం కాదు. ముప్పై ఏళ్ళకి పైగా ఆమె మనుషుల్ని బట్టల్లోంచే చూసింది. ఒళ్ళు చేస్తే చంక కింద పట్టేస్తుంది, చిక్కితే వీపు మీద వదులు ముడతలు పడతాయి. మరదలి మొహం వాడిందని ఆమెకీ అనిపించకపోలేదు. ఎండ అనుకుంది, పని అనుకుంది. కానీ వీపు మీద ఎప్పుడూ ఒక్క ముడత కనిపించలేదు. ముడత లేకపోతే జబ్బు లేనట్టే. టేపు పెట్టి కొలుద్దామన్న ఆలోచన రాలేదు. ఇంట్లో మనిషికి టేపు పెట్టేదెవరు? ఒకప్పటి ఆది జాకెట్టు ఒకటుంటే, దాన్ని చూసే అన్నీ కత్తిరించేది.

మంచం మీద మరదలు కళ్ళు తెరిచినప్పుడు వదిన అడిగింది. “ఎందుకు చెప్పలేదే? నోరుందిగా, ఊరందరితో ఆడుతుందిగా!”

“చెప్తే నువ్వు మిషను ఆపేస్తావు. అన్నయ్యప్పుడు ఆపేశావుగా. మళ్ళీ తొక్కించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.”

“అది వేరే.”

“ఏం వేరే? అన్నాచెల్లెళ్ళం, ఒకే రకం.” నవ్వబోయింది, దగ్గొచ్చింది. తేరుకున్నాక అంది. “వదినా, చెట్టు దగ్గరికి మాత్రం వెళ్ళు. కొలిచి నాకు చెప్పు. పది దాచకుండా చెప్పు.”

“ఇద్దరం వెళదాం. నోర్మూసుకుని పడుకో.”

“ఊఁ,” అంది మరదలు.

ఆ తరవాత ఆ గొంతు వదిన వినలేదు.

అన్నీ అయిపోయాక, బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామని మరదలి పెట్టె తెరిచింది. పైనున్న జాకెట్టు మడత పెడుతుంటే పక్క కుట్టు దళసరిగా చేతికి తగిలింది. తిరగేసి చూసింది. ఆమె వేసిన కుట్టు అంచున ఉంది. దానికి లోపల ఇంకో కుట్టు. దానికి లోపల మరొకటి. ఒకదాని పక్కన ఒకటి, వేలి వెడల్పు వదలకుండా, ఒంటివైపుకి నడుచుకుంటూ పోయాయి. రెండో జాకెట్టూ అంతే. మూడోదీ అంతే. వదిన లైనింగు గుడ్డకో, గుండీలకో బజారుకి వెళ్ళినప్పుడల్లా ఆ పిల్ల తలుపు దగ్గరగా వేసి, జాకెట్టు విప్పి, మిషను మీద బిగించుకుని, మళ్ళీ తొడుక్కుని కూర్చున్నదన్న మాట. ఒక్క ముడత కూడా కనిపించకుండా. ఆ చేతికి కుట్టు నేర్పింది వదినే.

దారాలు మాత్రం మార్చలేదు. ఆ రోజు మిషనులో ఏ దారముంటే దానితోనే వేసింది. బయటి కుట్టు నీలం, అది బడి యూనిఫారాలప్పటిది. దాని పక్కన తెలుపు, నర్సుల గౌన్లప్పటిది. తరవాత బూడిద రంగు, బ్యాంకు కాపలావాళ్ళ చొక్కాలు కుట్టినప్పటిది. అన్నిటికన్నా లోపల నల్లది. ఆ కుట్టు వేసిన రోజుల్లో వదిన ఇంటికొచ్చి ఏమందో కూడా గుర్తొచ్చింది. “ఏమే, ఈ జాకెట్టు నీకు భలే కుదిరింది,” అంది. ఆమె ఆ జాకెట్టు మొహానికి అదుముకుని నేలమీద కూలబడింది. ఇస్త్రీ అతని భార్య వచ్చి లేపేదాకా లేవలేదు.

పెట్టె అడుగున ఒక గుడ్డ ఉండ ఉంది. విప్పి చూస్తే పట్టీ. కత్తిరింపుల్లో మిగిలిన పీలికలన్నీ రెండు వేళ్ళ వెడల్పున మడిచి, ఒకదానికొకటి కలిపి కుట్టిన పొడుగాటి పట్టీ. గజానికో ఎర్రదారం గుర్తు. కొట్టులో టేపు చెట్టుకి ఏ మూలకీ రాదు కదా, అందుకని బొమ్మలో మనుషుల ఎత్తును బట్టి చెట్టు నడుము కంటితో అంచనా వేసి, ఎన్నాళ్ళనుంచి కుడుతోందో ఏమో. కొసన సూది గుచ్చి ఉంది, దారంతో సహా. అది ఆ పిల్ల అలవాటు. “ఎవరికైనా గుచ్చుకుంటే?” అని వదిన తిడితే, “పని ఇంకా ఉందని గుర్తు వదినా, సూది తీసేస్తే అయిపోయినట్టు,” అనేది.

వదిన కొట్టు మూసేసింది. కత్తిరించని గుడ్డలు మూటలు కట్టి ఎవరివి వాళ్ళకి పంపింది. కుట్టమంటే కొలతలేవి? ఊరందరి కొలతలూ ఆ పిల్లతో పోయాయి. గది ఖాళీ చేస్తే తీసుకుంటానని రెడీమేడ్ బట్టలతను రెండుసార్లు వచ్చి అడిగాడు. “ఊరెళ్ళి వచ్చి చెప్తాను,” అంది. తాళంచెవి ఇస్త్రీ అతనికిచ్చింది.

“మళ్ళీ తెరుస్తావుగా అక్కా?” అన్నాడతను.

“ఎవరికోసం తెరవాలి?” అంది. అతను తాళంచెవి మొలలో దోపుకున్నాడు. ఆ కొట్టు సంగతి ఆ చెట్టు దగ్గర తేలుతుందని అప్పటికి అతనికీ తెలియదు, ఆమెకీ తెలియదు.

జీవితంలో ఆమె ఒంటరిగా రైలెక్కడం అదే మొదలు. కిటికీ పక్క సీటు ఖాళీగా వదిలేసి పక్కదాంట్లో కూర్చుంది. ఎవరో వచ్చి, “ఎవరైనా ఉన్నారాండీ ఇక్కడ?” అనడిగితే గాని ఎందుకలా కూర్చుందో ఆమెకే తెలియలేదు. రైలు దిగి బస్సెక్కింది. బస్సు దిగి, ఒక ముసలావిడ అద్దెకిచ్చే గదిలో సంచీ పెట్టి, మొహం కడుక్కుని, పట్టీ ఉండ చేతిలో పట్టుకుని బయల్దేరింది.

ఆ దారిలో జనం మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. మలుపు తిరిగేసరికి ఒక్కొక్కరే మాట ఆపేశారు. చెట్టు కనబడింది. నిజానికి కనబడింది చెట్టు కాదు, కొంత చెట్టు. పై భాగం చూడాలంటే మెడ విరగాలి. బొమ్మలో గోధుమరంగులో ఉన్న మొదలు ఇక్కడ ఏనుగు చర్మంలా ముడతలు పడి ఉంది. చుట్టూ చెక్క కంచె. వేళ్ళు నలగకుండా మొదలు చుట్టూ ఒక పలకల బాట, కాపలాదారు ఊడవడానికి మాత్రం. జనం కంచె పట్టుకుని ఊరికే నిలబడ్డారు. ఒకాయన కళ్ళు మూసుకున్నాడు. “ఇంతుందేంటే బాబూ,” అని ఒక పిల్ల గొణిగితే తల్లి నోరు మూసింది.

వదినకి భక్తి కలగలేదు. కోపమొచ్చింది. వేల ఏళ్ళు బతికావు, ఇంకో ఏడాది ఆ పిల్లకి అప్పివ్వలేకపోయావా అనుకుంది.

కంచె గుమ్మం పక్కన కాపలాదారు గది. దాని బయట బల్ల మీద ఎప్పుడో గాలివానకి విరిగిన కొమ్మ నుంచి కోసిన గుండ్రటి ముక్క పెట్టారు. కాపలాదారు తల నెరిసిన మనిషి. వచ్చినవాళ్ళకి అలవాటైన మాటలు చెబుతున్నాడు. “చూడండి, ఒక్కో గీత ఒక్కో ఏడు. దగ్గరగా ఉన్న గీతలు కరువు ఏళ్ళు. లోపలిది పాతది, బయటికి వచ్చేకొద్దీ కొత్తవి.”

ఆమె ఆ గీతల మీద వేలు పెట్టింది. పక్కపక్కనే, వేలి వెడల్పు లేకుండా. ఇవి బయటికి నడిచాయి.

“ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?” అన్నాడు కాపలాదారు. “కూర్చో చెల్లెమ్మా.” స్టూలు జరిపాడు.

జనం పలచబడేదాకా ఆమె ఆ స్టూలు మీదే ఉంది. తరవాత పట్టీ ఉండ చూపించి అడిగింది.

“అన్నా, ఈ చెట్టు నడుము కొలవాలి.”

“బోర్డు మీద రాసుంది కదమ్మా.”

“బోర్డు మీది కొలతకి నేను గుడ్డ కత్తిరించను.”

ఆయన నవ్వాడు. “చెట్టుకి చొక్కా కుడతావా ఏంటి? లోపలికి ఎవర్నీ పంపకూడదు. చెట్టుని ముట్టుకోకూడదు.”

“నేను ముట్టుకోను. పట్టీ ముట్టుకుంటుంది.”

“భలేదానివే! రేపొకడొచ్చి, నేను ముట్టుకోను, నా గొడ్డలి ముట్టుకుంటుంది అంటాడు.”

ఆమె నవ్వలేదు. “మా మరదలు కుట్టింది అన్నా ఇది. కొలిచి చెప్పమంది,” అంది. ఎవరికి చెప్పాలో ఆయన అడగలేదు. గుడ్డ ఉండ పట్టుకున్న ఆ చేతులు చూసినవాడెవడూ అడగడు. గోడకున్న తాళంచెవి తీశాడు.

“ఎలాగూ ఊడ్చే వేళయింది. పలకల మీదే నడవాలి, పక్కకి అడుగెయ్యకూడదు. పట్టీ నేను తిప్పుతాను.”

ఆమె చెప్పులు విడిచి పలకలెక్కింది. పట్టీ ఒక కొస పట్టుకుని నిలబడింది. ఆయన సూది ఉన్న కొస పట్టుకుని పట్టీ విప్పుకుంటూ వెళ్ళాడు.

“బిగించకన్నా,” అని అరిచిందామె. “వేలు పట్టేంత వదులుండాలి. ఊపిరాడాలిగా.”

“చెట్టుకా?”

“ఎవరికైనా అంతే.”

ఆయన చెట్టు వెనక్కి మళ్ళి కనబడకుండా పోయాడు. పట్టీ ఆమె వేళ్ళ మధ్య కొద్దికొద్దిగా కదులుతూ ఉంది. అవతల ఎవరో లాగుతున్నారు. ఎవరో తెలియనంతసేపు ఆమె ఊపిరి బిగబట్టుకుని ఉంది. ఆ కాసేపు చాలునన్నట్టు కళ్ళు మూసుకుంది.

“అబ్బా!” అన్నాడాయన అవతలివైపు నుంచి. “సూది ఉందమ్మోయ్! వేలు గుచ్చుకుంది!”

“తియ్యకు అన్నా,” అంది వెంటనే. “ఉండనీ. పని ఇంకా ఉంది.”

ఆయన వేలు నోట్లో పెట్టుకుని ఇటువైపు తేలాడు. పట్టీ అయిపోయింది. పద్నాలుగు ఎర్రదారం గుర్తులూ దాటిపోయాయి. అయినా ఆ కొస ఈ కొసకి అందలేదు. మధ్యలో ఖాళీ. చెట్టు చర్మం ఆ ఖాళీలోంచి నల్లగా కనిపించింది. ఇంకో రెండు నెలలుంటే ఆ పిల్ల ఆ ఖాళీ పూడ్చేసేది.

ఆమె మెళ్ళోంచి టేపు తీసింది. పట్టీ కొస నుంచి కొసకి ఆనించి, వంగి చూసింది. చూసి, తల వెనక్కి తిప్పి, ఎప్పటిలాగే గొంతెత్తి చెప్పింది.

“ఇరవై నాలుగు!”

చెప్పి ఆగింది. కొలత చెప్పాక ఆగడం ఆమెకి అలవాటు. “ఊఁ” వినబడేదాకా టేపు తియ్యదు. ఇప్పుడూ తియ్యలేదు. పైన ఆకులు కదిలాయి. కంచె అవతల ఎవరో దగ్గారు. ఆమె అలాగే వంగి, చెవి వెనక్కి పెట్టి, ఎదురుచూసింది.

“ఇరవై నాలుగేంటి చెల్లెమ్మా?” అన్నాడు కాపలాదారు టేపులోకి తొంగి చూసి. “ముప్పై నాలుగు కదా. నాకింకా కళ్ళు కనబడతాయి.”

ఆమె ఆయన వైపు చూసింది. పది కలిపేవాళ్ళు లేరు. ఇక ఎప్పటికీ లేరు. ఆస్పత్రిలో ఏడవని ఏడుపు, పెట్టె ముందు సగంలో ఆగిన ఏడుపు అప్పుడొచ్చింది. పలకల మీద కూలబడి, చీకటి గదిలో పసిపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది. ఆయన పట్టీ కొస వదల్లేదు. వదిలితే ఏమవుతుందో అన్నట్టు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

చాలాసేపటికి ఆమె లేచి, మళ్ళీ టేపు పెట్టి, చెట్టుకి దగ్గరగా మొహం పెట్టి చెప్పింది. “పద్నాలుగు గజాల మీద ముప్పై నాలుగు అంగుళాలే. ఏమీ దాచలేదు.”

బయటికొచ్చి స్టూలు మీద కూర్చుంటే ఆయన మంచినీళ్ళిచ్చాడు. గ్లాసు అందిస్తుంటే ఆయన కోటు భుజం చేతి మీదికి జారి వేలాడింది. ఆ కోటు ఆమె కంట్లో వచ్చినప్పటినుంచీ నలకలా గుచ్చుకుంటూనే ఉంది.

“ఈ కోటు నీకు కుట్టింది కాదన్నా.”

“నాకు ముందు చేసినాయనది. ఆయన గున్న ఏనుగులా ఉండేవాడు. ఇంక రెండు నెలల్లో నేనూ దిగిపోతాను, ఎవరిక్కావాలి?”

“రెండు నెలలైనా సరే. లే, నిలబడు.”

లేచి నిలబెట్టింది. భుజాల మీద టేపు పెట్టి చూసి, “పద్దెనిమిది,” అంది. పది దాచలేదు.

“ఊఁ,” అన్నాడాయన, వింటున్నానని తెలియడానికి.

ఆమె చేతిలో టేపు ఆగిపోయింది. “అలా అనకన్నా,” అంది. “ఏమీ అనకు. నేను రాసుకుంటాను.”

సంచీలో వెతికితే మర్నాటి తిరుగు ప్రయాణం టికెట్టు ఒక్కటే దొరికింది. దాని వెనకవైపు ఆయన పెన్సిలుతో భుజం, ఛాతీ, చెయ్యి పొడుగు రాసింది. పల్లెటూరి బళ్ళో దిద్దిన గుండ్రటి అక్షరాలు. ఆమె జీవితంలో కాగితం మీద పెట్టిన మొదటి కొలత అది. రాస్తున్నంతసేపూ, ఎవరి మీదో చాడీ చెబుతున్నట్టు తల ఎత్తలేదు.

గది అద్దెకిచ్చిన ముసలావిడ ఇంట్లో ఒక పాత మిషనుంది. నూనె వేసి తుడిస్తే నడుస్తుందన్నారు. కోటు అంతా విప్పి, భుజాలు కట్టి, మళ్ళీ కుట్టడమంటే ఒక్క రోజు పని కాదు. ఆమె ఇస్త్రీ అతనికి ఫోను చేసింది.

“ఎలా ఉన్నావక్కా? చూశావా చెట్టుని?”

“చూశాను. పెద్దదే.”

“రెడీమేడ్ అతను మళ్ళీ వచ్చాడు. అడ్వాన్సు పట్టుకుని కూర్చున్నాడు. ఏం చెప్పను?”

ఆమె టికెట్టు తిరగేసి పెన్సిలు గీతలు ఒకసారి చూసుకుంది.

“గది ఇవ్వనని చెప్పు,” అంది. “కిటికీ దగ్గర మిషను మీద గుడ్డ కప్పి ఉంచు. ఎవర్నీ దాని మీద కూర్చోనీకు. తలుపు మీద సుద్దతో నేను చెప్పింది రాసి పెట్టు.”

ఇస్త్రీ అతని దస్తూరీ కోడిగీతల్లా ఉంటుంది. అయినా వీధిలో పోయేవాళ్ళందరూ ఆగి చదువుతున్నారు. రొట్టెల దుకాణం ఆవిడ చదివి, తన నడుము తడుముకుని, కళ్ళు తుడుచుకుని వెళ్ళింది. తలుపు మీద ఇలా ఉంది:

పాత కొలతలు లేవు. అందరూ మళ్ళీ కొలతలియ్యాలి. టేపక్క వచ్చేది జూన్ రెండో తారీఖు, సోమవారం.